తవుడుకి కొన్న పిల్ల

దాలమ్మ జీతం లేని ఉద్యోగం చేస్తోందని కళింగపట్నం పల్లెలో ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఎండబెట్టిన నెత్తళ్ల చేపల్లో మంచివి ఏరి సంచిలో పోసుకుని, శ్రీకూర్మం వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కేది. దారిలో సరుగుడు తోటల మధ్య ఒక పిల్లల హోమ్ ఉంది, ఎక్కడో చలిదేశం వాళ్లు పంపే డబ్బుతో నడుస్తుంది. అక్కడ దిగితే సాయంత్రం దాకా ఆమెకి చేతినిండా పనే. ఆడపిల్లల తలల్లో పేలు చూసేది, నెత్తళ్ల పులుసు కాచేది, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చుని నుదురు తడిపేది. ఎవరూ రమ్మనలేదు, వచ్చాక ఎవరూ వద్దనలేదు. హోమ్ వాళ్లు ఆమెని వాలంటీర్ అనేవారు. ఆ మాట దాలమ్మకి నోరు తిరగలేదు గానీ, విన్నప్పుడల్లా కాస్త గొప్పగానే ఉండేది.

నిజానికి ఆమె వెళ్లేది తవిటమ్మ కోసం. పిల్లకి ఎనిమిదేళ్లు. దాలమ్మ కన్నది కాదు, కొన్నది. ఈ మాటకి ఉలిక్కిపడక్కర్లేదు. ఉలిక్కిపడ్డవాళ్ల వల్లే ఆ ఆదివారం అంతపనీ జరిగింది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తవిటమ్మ, తవిటయ్య, తవిటినాయుడు అన్న పేరు వినబడిందంటే, ఆ ఇంట్లో అంతకుముందు ఏం జరిగిందో వేరే అడగక్కర్లేదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినదాన్ని చేటలో పడుకోబెట్టి, పొరుగింటి ఆడదానికి తవుడుకి అమ్మేస్తారు. ఆమె గుమ్మంలో తవుడు పోసి, బిడ్డని ఎత్తుకుని గడప దాటి, మళ్లీ కన్నతల్లి చేతికే ఇచ్చి "నా పిల్లని పెంచిపెట్టు" అంటుంది. ఇక చావు వచ్చి వెతికినా ఆ తల్లికి బిడ్డ లేదు. ఉన్నది ఎవరిదో పిల్ల, అదీ తవుడుకి పోయిన పిల్ల. దానికోసం ఎవరు చెయ్యి చాపుతారు? పిచ్చి లెక్కే. కానీ ఇద్దరు బిడ్డల్ని ఇసకలో పూడ్చుకున్న తల్లికి అంతకంటే మంచి లెక్క ఎవరూ చెప్పలేదు.

ఆ తల్లి పేరు ధనలక్ష్మి. దాలమ్మ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య అడ్డం ఒక్క తడికే; దాలమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేది. మొదటి మగపిల్లాడు పురిట్లోనే పోయాడు. రెండోది ఆడపిల్ల, పాకే వయసు దాకా వచ్చింది. ఒకరోజు ధనలక్ష్మి దాన్ని చంకనేసుకుని వీధంతా తిరిగి "నా కూతురు, సూడండి" అని మురిసింది. తెల్లారేసరికి పిల్ల కట్టెలా బిగుసుకుపోయి ఉంది. పూడ్చడానికి ఎత్తుకెళ్లింది దాలమ్మే. అందుకే మూడోది పుట్టగానే ఆమె చేటెడు తవుడుతో ఆ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇకమీదట ఈ గుంట నీది కాదే, నా పిల్ల. నోరు జారి నాది అన్నావో, ఆ ఇద్దర్నీ ఎత్తుకుపోయిన సావు సెవినెట్టి ఇంటాది," అంది.

మిగతా ఇళ్లలో పిల్ల నడక నేర్చేసరికి ఈ పట్టింపు సడలిపోతుంది, పేరు మాత్రం మిగులుతుంది. దాలమ్మ సడలనివ్వలేదు. తవిటమ్మ ఆమెనే అమ్మ అనాలి, ధనలక్ష్మిని పిన్ని అనాలి. అదే మాట పిల్ల నోట స్థిరపడిపోయింది. దాలమ్మ కడుపున ఏమీ పండలేదు. మొగుడు ఎర్రన్న సముద్రం మీద కంటే సారా మీదే ఎక్కువ తేలి, ఆ తేలడంలోనే పోయాడు. అలాంటిదాని గుమ్మంలో ఒక పిల్ల నిలబడి అమ్మా అని పిలుస్తుంటే ఆమెకి సుఖంగా లేదంటే అది అబద్ధం.

తర్వాత గోరుచుట్టు మీద రోకటిపోటు. ధనలక్ష్మి మొగుడు జగన్నాధం తెప్ప తిరగబడి పోయాడు. ఆ ఏడాదే ఆమెకి దగ్గు పట్టుకుని టీబీ అని తేలింది. పిల్ల ఆ గాలికే ఉండకూడదన్నాడు డాక్టరు. రోగిని దాలమ్మ చూసుకుంది, పిల్లని హోమ్‌లో చేర్చింది. రెండేళ్లు పాత్రలు వేరు చేసి, మందులు మింగించి, తిట్టి, తినిపించి ధనలక్ష్మిని మనిషిని చేసింది. రోగం నయమైందని డాక్టరు చెప్పాక, హోమ్ మేనేజరు నరసింగరావు ఆదివారం వచ్చి పిల్లని తీసుకెళ్లమన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్లారు. ధనలక్ష్మి తలారా నూనె రాసుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. ఆటోలో దారి పొడుగునా, పిల్లకి ఏ కూర ఇష్టమో, రాత్రుళ్లు ఇంకా కలవరిస్తోందా అని అడుగుతూనే ఉంది. అన్నిటికీ దాలమ్మే జవాబు చెప్పింది. ఆమెకే తెలుసు మరి.

హోమ్‌లో ఆరు నెలలుగా లీసా అనే అమ్మాయి ఉంటోంది. డెన్మార్క్ నుంచి వచ్చింది, ఆమె కూడా వాలంటీరే. వచ్చిన కొత్తలో పిల్లల తలల్లో పేలు చూసి ఏడ్చింది. దాలమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పేనుని ఎలా నొక్కాలో నేర్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. లీసాకి వచ్చిన తెలుగు "తిన్నావా", "బాగుందా" అన్న రెండు ముక్కలే. వాటితోనే ఆదివారాలు గడిచిపోయేవి. దాలమ్మ ఆమెని "తెల్లగుంట" అనేది, నెత్తళ్ల పులుసులో ముల్లు తీసి ఆమె కంచంలో వేసేది. ఆ పిల్లలో చెడు లేదు. ఇంత జరిగాక కూడా ఆ మాట చెప్పక తప్పదు.

ఇంటికి వెళ్లే పిల్లల్ని ఫోన్లో వీడియో తీసి తన దేశంలో డబ్బు పంపేవాళ్లకి చూపించడం లీసాకి అలవాటు. ఆ రోజూ వరండాలో ధనలక్ష్మిని కుర్చీలో కూర్చోబెట్టి, తవిటమ్మని పక్కన నిలబెట్టింది. ఆమె ఇంగ్లీషులో అడిగినదాన్ని వార్డెన్ అరుణశ్రీ తెలుగులో చెప్పింది. అరుణశ్రీది చీపురుపల్లి, డిగ్రీ చదివిన పిల్ల.

"మీ అమ్మాయిని ఇంటికి తీసుకెళ్తున్నారు కదా. ఎలా ఉందమ్మా మీకు?"

ధనలక్ష్మి సిగ్గుపడింది. ఎనిమిదేళ్లుగా నోరు కట్టేసుకున్న మనిషి. అందులోనూ అంత మంచిరోజున, అంత సంతోషం మీద, దిష్టి తగలకుండా జాగ్రత్తపడింది.

"నా గుంట కాదండి," అంది.

"మరెవరి పిల్ల?"

"దాలమ్మప్పదండి. నాను అమ్మేసినాను."

పక్కనే నిలబడ్డ దాలమ్మ ఒళ్లు పొంగిపోయింది. ఫోను తన వైపు తిరగ్గానే పైట సర్దుకుంది.

"అవునమ్మా. నానే కొనుక్కున్నాను, సేటెడు తవుడు పోసి. బేరం బాగానే ఉన్నాది గదా," అని నవ్వింది.

అరుణశ్రీ కూడా నవ్వుతూనే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఆమె నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే లీసా ముఖం పాలిపోయింది. అరుణశ్రీ గబగబా ఇంకేదో వివరిస్తోంది, చేతులు తిప్పుతోంది. లీసా వినడం లేదు. తవిటమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని "అమ్మ?" అని అడిగింది. పిల్ల దాలమ్మని చూపించింది. లీసా ధనలక్ష్మి వైపు వేలు చూపింది. "పిన్ని," అంది తవిటమ్మ.

లీసా పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టేసింది.

"ఏటయినాది? ఎందుకలగ ఎలిపోనాది?" అంది దాలమ్మ.

"డబ్బుకి అమ్మేశారనుకుంది," అంది అరుణశ్రీ. "ఇది మా వైపు ఆచారమని చెప్పాను. అమ్మేశారు అన్న మాట తర్వాత ఆమెకి ఇంకేమీ వినపడలేదు దాలమ్మా. లోపల్నుంచి వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేస్తోంది."

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు. పిల్ల బతకాలని కట్టిన మాట పిల్లనే పట్టుకుపోయేలా ఉంది. దాలమ్మకి అప్పుడు కూడా పూర్తిగా భయం వెయ్యలేదు. నరసింగరావు వస్తే సర్దుకుంటుందనుకుంది. ఆయన శ్రీకాకుళం మనిషి, ఆయనకి తెలియనిదేముంది.

నరసింగరావు వచ్చాడు. అప్పటికే డెన్మార్క్ నుంచి ఆయనకి ఫోన్ వచ్చేసింది. చెమటలు తుడుచుకుంటూ ఇద్దరినీ మెట్ల మీదికి పిలిచాడు.

"నాకు తెలుసు దాలమ్మా. మా మేనమామ పేరే తవిటినాయుడు. కానీ ఆ మాట వీడియోలోకి ఎక్కి దేశాలు దాటిపోయింది. ఇప్పుడు నాకు నేనుగా పిల్లని మీ చేతిలో పెడితే, అమ్మకానికి నేను కూడా సాయం పట్టానంటారు. ఈ హోమ్ మూసేస్తే మిగతా పిల్లలు ఏ చెట్టు కిందికి పోతారు? ప్రభుత్వం తరఫున పిల్లల వ్యవహారాలు చూసే ఆవిడకి కబురు చేశాను. మధ్యాహ్నం వస్తుంది. ఆవిడ అడిగినప్పుడు మాత్రం సరిగ్గా చెప్పండి."

"ఏటి సెప్పాల బాబూ?"

"ఇంకేముంది. కన్నతల్లిని నేనే, ఇది నా కూతురు అని ధనలక్ష్మి చెప్పాలి. అంతే."

ఆయన వెళ్లిపోయాడు. వరండాలో ఇద్దరే మిగిలారు. లోపల్నుంచి తవిటమ్మ ఏదో అడగడం, లీసా రాని తెలుగులో ఊరడించడం వినబడుతున్నాయి. దాలమ్మ తెచ్చిన నెత్తళ్ల సంచి వంటింటి గుమ్మంలో పడి ఉంది, దాన్ని ఎవరూ విప్పలేదు.

"ఒలే, ఇన్నావు గదా," అంది దాలమ్మ. "ఆవిడొచ్చి అడిగితే నా కూతురే అని సెప్పేయ్. ఒక్క మాట."

"సెప్పను," అంది ధనలక్ష్మి.

"సెప్పకపోతే గుంటని ఇవ్వరే."

"ఇవ్వకపోయినా బతికుంటాది గదా. నువ్వే అన్నావు అప్పా, నోరు జారితే సావు ఇంటాదని."

"అప్పుడు సంటిది. ఇప్పుడు ఎనిమిదేళ్ల గుంట. ఏటీ కాదు."

"రెండోది పోయినప్పుడు నువ్వు నేవా? ముందురోజు నానేటన్నాను? ఈదంతా తిరిగి నా కూతురు, నా కూతురు అన్నాను. తెల్లారేసరికి దాన్ని నీ సేతుల్తోనే మోసుకెళ్లినావు."

ముడి వేసింది దాలమ్మే. ఇప్పుడు విప్పబోతే పంటికి కూడా లొంగడం లేదు.

ధనలక్ష్మే మళ్లీ మాట్లాడింది. కోపం లేదు ఆ గొంతులో, అందుకే ఎక్కువ నొప్పెట్టింది.

"మిగతా ఇళ్లల్లో పేరెట్టాక ఒగ్గేస్తారు. నువ్వు ఒగ్గలేదు. అది నిన్ను అమ్మా అంటే నీకు బాగుండేది. నాకు తెలుసు."

"బాగుండేది," అంది దాలమ్మ.

ఎండ నెత్తిమీదికొచ్చి వాలాక జీపు వచ్చింది. అందులోంచి దిగినావిడ పేరు అనూరాధ. దుర్మార్గురాలేమీ కాదు. వచ్చీరాగానే ఇద్దరికీ మంచినీళ్లు ఇప్పించింది, ఆఫీసు గదిలోకి పిలిచి ధనలక్ష్మిని కుర్చీలో కూర్చోమంది. నరసింగరావు ఆచారం గురించి మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపింది.

"నాకు తెలుసు సార్. మాది బొబ్బిలి పక్క ఊరు. మా ఇంట్లోనూ తవిటయ్యలున్నారు. కిందటిసారి ఇలాగే ఆచారమే కదా అని నమ్మి ఒక పిల్లని ఇంటికి పంపాను. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. నాకు నిద్రపట్టక ఎన్నాళ్లయిందో మీకేం చెప్పను."

ఆ మాటతో నరసింగరావు తల దించుకున్నాడు. తెలియనివాళ్లకైతే చెప్పి ఒప్పించొచ్చు. తెలిసీ నమ్మలేనివాళ్లకి ఏం చెబుతాం అనుకుంది దాలమ్మ.

లీసా పిల్లని తీసుకొచ్చి నిలబెట్టింది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి, దాలమ్మ వైపు చూడటం లేదు. తవిటమ్మ రిబ్బన్లు కట్టుకుని, ఊరికి తీసుకెళ్లాల్సిన బట్టల సంచి భుజాన వేసుకునే ఉంది. దాలమ్మని చూసి ముఖం వెలిగింది.

"అమ్మా, ఎలిపోదామా?" అంది.

అనూరాధ దాలమ్మనే చూస్తోంది. గదిలో అందరూ చూస్తున్నారు. దాలమ్మ జీవితంలో ఎన్నో బరువులెత్తింది, చేపల గంపలెత్తింది, తాగిపడిపోయిన మొగుణ్ణి మోసింది. ఇంత బరువు మాత్రం ఎన్నడూ మొయ్యలేదు.

"నన్నలగ పిలవకే," అంది. "నాను మీయమ్మని కాదు. అదుగో, మీయమ్మ అది."

పిల్ల నవ్వబోయింది, ఆట అనుకుని. దాలమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఒక అడుగు ముందుకు వేసింది. దాలమ్మ వెనక్కి జరిగింది. అప్పుడు ఏడుపు మొదలైంది. పెద్దగా కాదు, గొంతులోనే, తప్పు ఏం చేసిందో తెలియని పిల్ల ఏడ్చే ఏడుపు.

ఆ ఏడుపు ధనలక్ష్మిని కుర్చీలోంచి లేపింది.

"నా కూతురే," అంది. "నానే కన్నాను. నా కడుపున పుట్టిన గుంట ఇది. నా కూతురు."

ఎనిమిదేళ్లు మింగిన మాట ఒక్కసారి బయటపడింది. అయిపోగానే రెండు చేతులతో నోరు మూసుకుంది. పైకి, తలుపు వైపు, కిటికీ వైపు చూసింది, అక్కడెవరో నిలబడి వింటున్నట్టు. దాలమ్మ కూడా అటే చూసింది.

అనూరాధ నిట్టూర్చింది.

"పొద్దున కాదన్నావమ్మా. అమ్మేశానని నీ నోటితోనే అన్నావు, ఈమె కొన్నానంది. ఇప్పుడు కేసు భయానికి నాదంటున్నావో, నిజంగానే నీదో, నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కన్నది నువ్వే కావచ్చు. కన్నవాళ్లు అమ్మరని లేదు కదా. విచారణ అయ్యేదాకా పిల్ల విజయనగరంలో వేరే హోమ్‌లో ఉంటుంది."

"ఎన్నాళ్లమ్మా?" అంది ధనలక్ష్మి చేతుల చాటునుంచే.

"చెప్పలేను. ఊళ్లో అందర్నీ అడగాలి, వాళ్ల మాటలన్నీ సరిపోవాలి. తేలేదాకా మీరిద్దరూ పిల్లని కలవడానికి లేదు. కొన్నానన్న ఈమె ఏ హోమ్ గుమ్మమూ తొక్కకూడదు."

దాలమ్మ అనూరాధ కాళ్ల మీద పడింది. పొద్దున తను చేసింది వేళాకోళమంది, నోటిదురుసు అంది, జైల్లో పెట్టమంటే తనని పెట్టమంది. అనూరాధ వంగి ఆమెని లేపింది, చెయ్యి వదల్లేదు చాలాసేపు. మాట మాత్రం మార్చలేదు.

జీపు ఎక్కేటప్పుడు తవిటమ్మ వెనక్కి తిరిగింది. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పిల్ల నోరు తెరిచింది. ఎవరిని ఏమని పిలవాలో తోచక మూసేసుకుంది.

జీపు వెళ్లాక లీసా దాలమ్మ దగ్గరికి వచ్చింది. చెప్పాలనుకున్నదేదో ఉంది, భాష లేదు. చివరికి ఆమెకి వచ్చిన మాటే వచ్చింది.

"తిన్నావా?"

లాగి ఒక్కటి ఇవ్వాలన్నంత కోపం వచ్చింది దాలమ్మకి. ఆ పిల్ల కళ్లలోకి చూసింది. తను చేసింది తప్పో ఒప్పో ఆ పిల్లకీ ఇంకా తెలియలేదు.

"తిన్నాను," అంది దాలమ్మ. పొద్దుటినుంచీ ఇద్దరూ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

గేటు దాటి రోడ్డు పక్కన, సరుగుడు చెట్ల నీడలో ఆటో కోసం కూర్చున్నారు. సముద్రపు గాలికి చెట్లు హోరుమంటున్నాయి. ధనలక్ష్మి చాలాసేపు రోడ్డు వైపే చూసింది, జీపు పోయిన వైపు.

"అప్పా, నాను అనేసినాను," అంది.

"అన్నావు."

"ఇప్పించుకుందామని అన్నాను. ఆళ్లు ఇవ్వనూ నేదు, నానేమో అనేసినాను. దానికేటీ కాదు గదా?"

"ఏటీ కాదు," అంది దాలమ్మ వెంటనే. "పిచ్చిమాటలు. ఏటీ కాదు."

ధనలక్ష్మి ఆమె వైపు తిరిగింది.

"దాని మీద ఒట్టేసి సెప్పు."

దాలమ్మ చెయ్యి ఎత్తింది. నోటితో అబద్ధం ఆడటం ఆమెకి చేపలు అమ్మినంత తేలిక, బతుకంతా ఆడింది. కానీ ఆ రెండో బిడ్డని ఎత్తుకెళ్లింది ఈ చేతులే, ఇసక తీసింది ఈ చేతులే. ఆరోజు నుంచీ ఆమె నమ్మింది ధనలక్ష్మి నమ్మినదానికంటే ఎక్కువే. నమ్మబట్టే తవుడు పోసింది. ఇప్పుడు తవిటమ్మ మీద ఒట్టు పెట్టి, అది తప్పుడు ఒట్టయితే? ఉన్న గండం చాలదని ఇంకొకటి తన చేత్తో తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఎత్తిన చెయ్యి గాలిలో కాసేపు ఉండి, మళ్లీ ఒడిలోకి వచ్చి పడింది. ధనలక్ష్మి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.